ఒక సైజు పెద్ద టైరు: మా గ్యారేజ్ నుంచి కస్టమర్లందరికీ

అందరికీ నమస్కారం.

రాళ్లూ గుట్టల మీద బండ్లు నడిపే ఆఫ్‌రోడ్ పోటీ అయి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో షెడ్‌కి వచ్చినవాళ్లలో సగం మంది తమ బండి సంగతి పక్కనపెట్టి ముందు ఒకటే అడిగారు: "అన్నా, ఆ జిమ్నీ గొడవేంటి?" నేను టైర్లు మార్చిన మారుతి జిమ్నీని, టైరు సైజు మీద ప్రొటెస్ట్ (ఫిర్యాదు) పడి, దాని క్లాసు నుంచి తీసేశారు, అదీ గొడవ. కొందరు అడగకుండానే ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పుకుంటూ పోతే చివరికి ఎవరికీ పూర్తిగా తెలియదు. అందుకని జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను. తప్పు ఎక్కడుందో కూడా ముందే చెప్తాను: నా దగ్గర ఉంది. బండి ఓనర్ దగ్గరా లేదు, ప్రొటెస్ట్ వేసిన తమ్ముడి దగ్గరా లేదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం చిన్న పరిచయం. బాలానగర్‌లో మాది చిన్న షెడ్. నాన్న మహీంద్రా జీపులు బాగుచేసేవారు, నేను జిప్సీలతో మొదలుపెట్టాను. ఇప్పుడు ఫోర్ బై ఫోర్ బండ్లు, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను బలం వెళ్లేవి తప్ప వేరే పని ముట్టుకోం. మొన్నటి పోటీకి మా షెడ్ నుంచి ఐదు బండ్లు వెళ్లాయి. అందులో మూడు స్టాక్ క్లాసులో, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉండాల్సిన బండ్ల క్లాసులో ఉన్నాయి: ఒక జిమ్నీ, ఒక జిప్సీ, ఒక గూర్ఖా. ముగ్గురూ మా కస్టమర్లే. గొడవ ముగ్గురికీ తగిలింది.

స్టాక్ క్లాసు టైర్ల గురించి రూల్ ఒక్క వాక్యమే. టైరు కంపెనీ ఇచ్చిన సైజు గానీ, దానికంటే ఒక సైజు పెద్దది గానీ ఉండొచ్చు. అంతే. ఆ "ఒక సైజు" వెడల్పులోనా, ఎత్తులోనా, రిమ్ములోనా అని ఎక్కడా లేదు.

ఐదు డోర్ల జిమ్నీకి కంపెనీ టైరు 195/80 ఆర్ 15. మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. లెక్క కడితే దాని ఎత్తు 693 మిల్లీమీటర్లు, అంటే 27.3 అంగుళాలు. నేను వేసింది 235/75 ఆర్ 15. దాని ఎత్తు 733 మిల్లీమీటర్లు, దాదాపు 28.9 అంగుళాలు. ఈ రెండింటి మధ్య 205 ఉంది, 215 ఉంది. 215/75 వేసి ఉంటే 703 మిల్లీమీటర్ల దగ్గర ఆగేది, ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు. రిమ్ము అదే 15 అంగుళాలు కాబట్టి, టైర్ల షాపులో అది "పక్క సైజే" అని అమ్ముతారు కాబట్టి, చెల్లుతుందనుకున్నాను. కానీ ఆ టైరు సరిగ్గా కూర్చోవాలంటే కంపెనీ రిమ్ములు తీసేసి వెడల్పైనవి వేయాల్సి వచ్చింది. రిమ్ము విప్పిన రోజే ఇది ఒక సైజు మాట కాదని నాకు తట్టాల్సింది. తట్టింది కూడా. రూల్లో రిమ్ము మాట లేదు కదా అని ముందుకెళ్లాను.

ఎందుకంత ఆశ పడ్డానో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ ఆశ మీలో చాలామందికి ఉంది. జిమ్నీకి ముందూ వెనకా గట్టి యాక్సిలే, అంటే ఎడమ కుడి చక్రాల్ని కలిపే ఒకే ఇనుప దూలం. లిఫ్ట్ కిట్ వేస్తే బాడీ పైకి లేస్తుంది, చూడటానికి బాగుంటుంది. యాక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ (బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాన్ని నేల నుంచి పైకి లేపేది టైరు ఒక్కటే. అదీ పెరిగిన ఎత్తులో సగమే. 40 మిల్లీమీటర్ల పెద్ద టైరు వేస్తే డిఫరెన్షియల్ కింద దొరికేది 20 మిల్లీమీటర్లు, రెండు సెంటీమీటర్లు. మన హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ గుండ్ల మీద బండి నడిపినవాళ్లకి ఆ రెండు సెంటీమీటర్ల విలువ తెలుసు. రాయి తగిలి ఆగిపోవడానికీ, తగలకుండా దాటిపోవడానికీ మధ్య తేడా అంతే. అందుకే ఏ పోటీకి వెళ్లినా అందరూ కొట్టుకునేది టైర్ల దగ్గరే.

పొద్దున స్క్రూటినీలో, అంటే రూల్స్ తనిఖీలో, బండి పాసయింది. ఒకాయన సైడ్‌వాల్ మీద అంకె చూశారు, రాసుకున్నారు, స్టిక్కర్ వేశారు. టేపు తీయలేదు. రెండో రోజు సాయంత్రానికి జిమ్నీ రెండో స్థానంలో, జిప్సీ మూడో స్థానంలో ఉన్నాయి. అప్పుడు జిప్సీ తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, ప్రొటెస్ట్ ఫీజు కట్టడానికి పోతున్నా. రెండు బండ్లూ నీ చేతి పనే, నీకు చెప్పకుండా వెయ్యబుద్ధి కాలేదు" అన్నాడు. "వెయ్యి తమ్ముడూ, నీ హక్కు అది" అన్నాను. నా నోటి నుంచి ఇంకేమీ రాలేదు. గంటన్నర తర్వాత జిమ్నీని స్టాక్ నుంచి తీసి మాడిఫైడ్ క్లాసులో పెట్టారు. అక్కడ 35 అంగుళాల టైర్లు, రెండు యాక్సిళ్లకీ లాకర్లు (రెండు చక్రాలూ కలిసే తిరిగేలా చేసే లాకులు) ఉన్న బండ్లు. వాటి టైమింగుల పక్కన పెడితే జిమ్నీ చివరికి వెళ్లింది. ఆ ఓనర్ ఏడు నెలలు ప్రతి ఆదివారం ప్రాక్టీస్ చేసిన మనిషి. మా ముందర ఒక్క మాట అనలేదు. ట్రోఫీ టేబుల్ వైపు చూడకుండా బండిని ట్రక్కు ఎక్కించుకుని వెళ్లిపోయారు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఇప్పుడు ఆ పుకారు. టైరు సంగతి జిప్సీ తమ్ముడికి నేనే చెప్పానని కొందరు అంటున్నారు. నేను చెప్పలేదు. రెండు బండ్లూ నెల రోజులు పక్కపక్కన నా షెడ్‌లోనే నిలబడ్డాయి. టైరు సైజు సైడ్‌వాల్ మీద అచ్చులో ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు. అతను చదివాడు, లెక్క కట్టాడు, పోటీ నియమం ప్రకారం చేయాల్సింది చేశాడు. అతని మీద కోపం పెట్టుకోవద్దని మిమ్మల్ని అడుగుతున్నాను. ఒక కస్టమర్ రహస్యం ఇంకో కస్టమర్‌కి చేరవేసే మనిషినైతే నాన్న పెట్టిన బోర్డు దింపేస్తాను.

గూర్ఖా సంగతి వేరు. అందులో నా పని షాకబ్జార్లు, అడుగున ఇనుప ప్లేట్లు, అంతే. కానీ ఆ బండికి ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్ లాకులూ కంపెనీ నుంచే వస్తాయి. లాక్ లేని బండిలో ఒక చక్రం గాల్లోకి లేచిందంటే ఇంజను బలమంతా ఆ ఖాళీ చక్రానికే పోయి అక్కడే తిరుగుతుంది. లాక్ వేస్తే నేల మీదున్న చక్రం కూడా తిరిగి తీరాలి. థార్‌లో, జిమ్నీలో తిరిగిపోతున్న చక్రానికి బ్రేక్ పట్టి అవతలి చక్రానికి బలం పంపే ఏర్పాటు ఉంది. జిప్సీలో అదీ లేదు. మరి గూర్ఖా స్టాకా, కాదా? కంపెనీ బిగించినదాన్ని మాడిఫికేషన్ అనడానికి నాకు నోరు రాదు. జిప్సీ వాళ్ల బాధ కూడా నిజమే. రెండో రోజు పొద్దున నిర్వాహకులు ఒక కాగితం అంటించారు: స్టాక్ క్లాసులో లాకులు వాడకూడదని. మొదటి రోజు లాకులతో దాటిన స్టేజీల టైమ్ ఉంచారు, రెండో రోజు లాకులకు సీలు వేశారు. ఈ పద్ధతి తప్పని ఆ రోజే వాళ్లతో అన్నాను. నిషేధించాలనుకుంటే ఎంట్రీ ఫారం మీదే రాయాలి. పోటీ మధ్యలో రూలు మారితే గెలిచినవాడికీ తృప్తి ఉండదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. ఎడారుల్లో రోజుల తరబడి సాగే డాకార్ ర్యాలీ చూసేవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2016, 2017, 2018 మూడేళ్లూ ప్యూజో బగ్గీలే గెలిచాయి. వెనక రెండు చక్రాలే తిప్పే బండ్లవి. ఫోర్ బై ఫోర్ కాదు కదా అని వాటికి రూల్స్‌లో సాయం దొరికింది: తక్కువ బరువు, పెద్ద టైర్లు, పొడుగు సస్పెన్షన్, సీట్లోంచి లేవకుండానే టైర్లలో గాలి ఎక్కువ తక్కువ చేసుకునే వీలు. ఫోర్ బై ఫోర్ వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2021లో ఫోర్ బై ఫోర్ నడిపిన ఖతార్ డ్రైవర్ అల్ అత్తియా తన చిన్న టైర్లకి పంక్చర్ మీద పంక్చర్ పడుతుంటే బహిరంగంగానే రూల్స్‌ని తప్పుబట్టాడు. 2022కి కొత్త క్లాసు తెచ్చి ఫోర్ బై ఫోర్లకి కూడా 37 అంగుళాల టైర్లు, 350 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) ఇచ్చారు. ఆ ఏడు, ఆ తర్వాతి ఏడు కూడా అతనే గెలిచాడు. అది సద్దుమణిగిందో లేదో, 2023 ర్యాలీ నడుస్తుండగానే ఆడి ఎలక్ట్రిక్ బండ్లకి అదనంగా 8 కిలోవాట్లు, అంటే సుమారు 11 హార్స్‌పవర్ ఇచ్చారు. లెక్కలు, సెన్సర్లు, ఇంజనీర్లు అన్నీ ఉన్న చోటే అంత గొడవైంది. టైరు పెద్దది చేయడం తప్పని ఎవరూ అనలేదు అక్కడ. ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్నదే గొడవ.

నన్నడిగితే "స్టాక్" అన్న మాటలోనే చిక్కుంది. థార్‌లో 18 అంగుళాల రిమ్ముతో వచ్చే 255/65 టైరు ఎత్తు 788 మిల్లీమీటర్లు. జిమ్నీకి నేను వేసిన, ప్రొటెస్ట్‌లో పోయిన టైరు 733. అంటే అదే క్లాసులో, కంపెనీ బిగించిందన్న ఒక్క కారణంతో, 55 మిల్లీమీటర్ల పెద్ద టైరు చెల్లుతుంది. థార్ బరువెక్కువ, ఆ లెక్క వేరే. చెప్పేదేంటంటే షోరూమ్ నుంచి వచ్చినట్టు ఉండటమే సమానం కాదు. టైరు అసలు ఎత్తుని బట్టి, ఎన్ని లాకులున్నాయన్నదాన్ని బట్టి క్లాసులు విడగొట్టాలి. సైడ్‌వాల్ మీది అంకె నమ్మకుండా టైరు చుట్టూ టేపు వేసి, వచ్చినదాన్ని 3.14తో భాగించాలి. ఒకే అంకె ఉన్న రెండు కంపెనీల టైర్లు టేపు దగ్గర వేరు వేరుగా వస్తాయి, నేను రోజూ చూస్తున్నాను. ఇదంతా ఒక ఉత్తరంగా రాసి నిర్వాహకులకి పంపాను. జిప్సీ తమ్ముడు, గూర్ఖా ఓనర్ కూడా సంతకం పెట్టారు. జిమ్నీ ఓనర్‌ని నేను అడగలేదు. ఉత్తరం ఫోటో చూసి ఆయనే ఫోన్ చేసి, తన పేరూ చేర్చమన్నారు.

రూలు బాగోలేదు కాబట్టి నేను చేసింది ఒప్పు అని మాత్రం అనుకోవడం లేదు. ఉన్న రూలు తెలిసి, దాని అంచు మీద బండి నిలబెట్టి, పడిపోయే రిస్కు ఆయనకి చెప్పకుండా వదిలాను. "స్టాకే కదా అన్నా?" అని ఆయన రెండు సార్లు అడిగారు. "స్టాకే" అన్నాను.

ఆయన టైర్లు, రిమ్ములు కొన్న ధరకే వెనక్కి తీసుకున్నాను. లేబర్, పోటీ ఎంట్రీ ఫీజు తిరిగి ఇచ్చేశాను. ఎంట్రీ ఫీజు వద్దన్నారు, ఒప్పుకోలేదు. బండికి కంపెనీ టైర్లు మళ్లీ ఎక్కించాం.

మీ బండ్లకి ఇకనుంచి ఇలా ఉంటుంది. పోటీ కోసం పని ఒప్పుకునే ముందు ఆ ఏటి రూల్‌బుక్ మీతో కూర్చుని చదువుతాను. ప్రతి రూలు ఎదురుగా మన బండి కొలత తెలుగులో రాసి, ఇద్దరం సంతకం పెడతాం. దానికి ఒక పూట పడుతుంది, డబ్బులేమీ తీసుకోను. ఏ రూలైనా రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంటే నిర్వాహకుల్ని రాతపూర్వకంగా అడుగుతాను. జవాబు రాకపోతే ఇరుకైన అర్థానికే కడతాను. మీకు అది నచ్చకపోయినా అంతే. ఆ కాగితంలో నేను రాసిన కొలత వల్ల స్క్రూటినీలో గానీ ప్రొటెస్ట్‌లో గానీ బండి పోతే నా లేబర్, మీ ఎంట్రీ ఫీజు నేనే తిరిగిస్తాను. కాగితం మీద లేనిది మీరు బయట వేయించుకుంటే దానికి నేను పూచీ కాను. పోటీకి రెండు రోజుల ముందు బండి మా షెడ్‌కి రావాలి, టైరు టేపుతో కొలుస్తాం, పక్క వేబ్రిడ్జ్ మీద తూకం వేయించి కాంటా స్లిప్పు మీకిస్తాం. ఇంత చేయాలంటే ఎక్కువ బండ్లు పట్టుకోలేను. దసరా దాకా నాలుగు పోటీ బండ్లే తీసుకుంటాను. రెండు ఇప్పటికే ఉన్నాయి.

ఇంకో మాట, చాలామందికి ఇష్టం ఉండదని తెలిసీ చెప్తున్నాను. రోజూ ఆఫీసుకి తిప్పే బండికి పోటీ బండి లాంటి లిఫ్ట్, పెద్ద టైర్లు వేయమని అడగొద్దు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పూ ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్ మార్చిన బండిని రోడ్డు మీద పట్టుకుంటే ఇబ్బంది పడేది మీరు. పోటీ బండి పోటీకే, ట్రక్కు మీదే వెళ్లాలి. మనకి తెలిసిన ట్రక్కు వాళ్లున్నారు, మాట్లాడి పెడతాను.

వచ్చే ఆదివారం పొద్దున పదింటి నుంచి షెడ్ తెరిచే ఉంటుంది, పని ఉండదు. ఎవరైనా రావచ్చు, మా దగ్గర చేయించుకోని బండైనా సరే. టేపుతో మీ టైర్లు కొలిచి అసలు ఎత్తు ఎంతో రాసిస్తాం. జిమ్నీ, జిప్సీ ఇద్దరూ వస్తామన్నారు. రెండు బండ్లూ మళ్లీ పక్కపక్కనే పెట్టడానికి గోడ వైపు చోటు ఖాళీ చేస్తున్నాం.