తూకానికి వేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా మా ఇంటికి పొద్దున్నే వచ్చేది మీ శ్రీకాకుళం ఎడిషనే. అందుకే ఈ సంగతి మీకు రాస్తున్నాను.

1974 నుంచి ఆయిల్ ఇంజిన్లు విప్పి బిగించడమే నా పని. పోయిన దసరాకి షెడ్డు ఖాళీ చేశాను. మోకాళ్ళు సహకరించడం లేదు, అబ్బాయి వేరే ఉద్యోగంలో ఉన్నాడు. మిగిలిపోయిన పార్టులు నాలుగు చెక్కపెట్టెలయ్యాయి. ఇంట్లో చోటు లేదని ఒక పెట్టె పాత ఇనుము కొనే గుజిరీ అతనికి కిలో 30 రూపాయల లెక్కన ఇచ్చేశాను. అందులో వాల్వులు, గైడులు, టాపెట్లతో పాటు కాగితం కూడా విప్పని ప్లంజర్ ఎలిమెంటు (పంపులో డీజిల్‌ని ప్రెషర్‌తో తోసే భాగం) ఒకటి ఉంది.

మూడు వారాలు తిరక్కుండానే కాశీనగరం వైపు నుంచి ఒక రైతు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ‘మేస్త్రీ గారూ, ఇంజిను పొద్దున్న పడుతోంది. మధ్యాహ్నం ఆపితే మాత్రం సాయంత్రం దాకా ఎంత హ్యాండిల్ కొట్టినా పట్టడం లేదు’ అన్నాడు. వినగానే తెలిసింది. ప్లంజర్ అరిగితే, వేడికి పలచబడ్డ డీజిల్ పక్క నుంచి జారిపోతుంది, ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ దాకా ప్రెషర్ అందదు. చల్లారితే మళ్ళీ పనిచేస్తుంది. అతనికి కావలసిన పార్టు సరిగ్గా నేను తూకానికి వేసిందే. ఇద్దరం గుజిరీకి పరుగెత్తాం. సరుకు అప్పటికే లారీకెక్కి వెళ్ళిపోయింది. అతను వంగతోటకి అద్దె ఇంజిను పెట్టుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇనుము కింద మహా అయితే పది రూపాయలు చేసే ఆ పార్టు అతనికి ఒక పంటతో సమానం.

ఈ పాత స్లో స్పీడు ఇంజిన్ల సంగతి ఈ కాలం పిల్లలకి తెలియదు. ఇంగ్లండులోని డర్స్‌లీ ఊళ్ళో లిస్టర్ కంపెనీ తయారుచేసిన 5 హార్స్‌పవర్ ఇంజిను నిమిషానికి 600 చుట్లే తిరిగేది. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, నాలుగున్నర అంగుళాలు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, అయిదున్నర. రెండు పక్కలా పెద్ద ఫ్లైవీళ్ళు. తర్వాత మన రాజ్‌కోట్‌లో అదే నమూనాలో లెక్కలేనన్ని తయారయ్యాయి. కొలతలు అవే కాబట్టి చాలా పార్టులు ఒకదానివి ఇంకోదానికి పడతాయి. అందుకే ఎవరింటి అటక మీదో ఉన్న పాత లైనరు (పిస్టన్ ఆడే సిలిండరు గొట్టం) ఇంకెవరి పొలంలోనో ఇంజినుని బతికిస్తుంది. వంశధార, మహేంద్రతనయ ఒడ్డున ఇలాంటివి ఇప్పటికీ నడుస్తున్నాయి, నేనే చేతులారా బాగుచేశాను. కొత్త పార్టు కోసం అడిగితే షాపువాళ్ళు ‘అది ఆగిపోయింది బాబూ’ అంటారు.

మా గురువుగారు నౌపడా–గుణుపురం బుల్లి రైలులో పనిచేసిన ఒక ఫిట్టరు దగ్గర పని నేర్చుకున్నారు. పిస్టన్‌కి తొడిగే ఏ రింగునీ కొలవకుండా ఎక్కించనిచ్చేవారు కాదు. రింగుని లైనర్లో పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి తోసి, కొసల మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచే పలచని రేకు) దూర్చి చూడాలి. నాలుగున్నర అంగుళాల బోరుకి 15 నుంచి 18 థౌ సందు ఉండాలి (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). తక్కువుంటే వేడికి కొసలు కొట్టుకుని రింగు విరుగుతుంది, ఎక్కువుంటే కంప్రెషన్ పోతుంది. ఆయన దాచిన రింగుల సెట్లు ఇప్పటికీ మైనపు కాగితంలోనే ఉన్నాయి. మొన్న ఒకటి విప్పితే లోపల నల్లగా, నిగనిగలాడుతూ ఉంది, ఎక్కడా తుప్పు మచ్చ లేదు. కాగితం మీద పెన్సిలుతో ‘20 ఓవర్’ అని ఆయన చేతిరాత, అంటే మామూలు సైజు కంటే 20 థౌ పెద్దది.

ఇళ్ళల్లో, మూతపడిన మిల్లుల్లో ఇలాంటివి ఉన్నవాళ్ళకి నా మనవి ఒకటే. తూకానికి వేసే ముందు వేరుచేయండి. ప్లంజరు, దాని బ్యారెలు కలిపి అరగదీసిన జత, ఒకదాని ప్లంజరు ఇంకోదానికి పడదు, విడదీస్తే రెండూ పోతాయి. నాజిలూ అంతే. కంచు బుష్‌లు ఇనుముతో కలిపి ఇవ్వకండి, వాటి ధర వేరు. దాచేవాటికి గ్రీజు పట్టించి మైనపు కాగితం చుట్టండి, మామూలు పేపరు చెమ్మ పీల్చి తుప్పు తెస్తుంది. గట్టిపడిన రబ్బరు సీళ్ళు పారేయవచ్చు. పాత హెడ్ గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటిని గీకొద్దు, కాల్చొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళితే బయటికి రాదు. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, ఉత్త చేతులతో గీకేవాళ్ళం.

ఇక అరిగిపోయినవి. అవి కూడా పనికొస్తాయి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ ట్రేడు చదివే పిల్లలకి అరిగిన క్రాంక్ షాఫ్టు, గీతలు పడ్డ లైనరు చేతికిస్తే బొమ్మలో అర్థంకానిది వేలికి తెలుస్తుంది. దగ్గర్లోని ఒక సంస్థకి తీసుకెళితే స్టాకు రిజిస్టర్లో ఎక్కించే పద్ధతి లేదని తిప్పి పంపారు. దానంగా వచ్చిన సామాను తీసుకోవడానికి ఒక్క కాగితం నమూనా తయారుచేయమని ఆంధ్ర, ఒడిశా అధికారులిద్దర్నీ కోరుతున్నాను.

మిమ్మల్ని కోరేది ఇంకొకటి. మీ జిల్లా పేజీలో వారానికి ఒక రోజు నాలుగు లైన్ల చోటివ్వండి. ఎవరి దగ్గర ఏ పార్టుంది, ఎవరికి ఏం కావాలి, అంతే. పాతపట్నంలో ఉన్నది పర్లాకిమిడి వాడికి తెలియక, ఇక్కడున్నది టెక్కలి వాడికి తెలియక గుజిరీకి పోతోంది.

మొదటి ప్రకటన నాదే వేసుకోండి. 20 ఓవర్‌సైజు రింగుల సెట్లు రెండు, స్టాండర్డు లైనరు ఒకటి, పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్డుకి కలిపే గజన్ పిన్నులు అయిదు ఉన్నాయి. డబ్బులు అక్కర్లేదు. వచ్చేవాళ్ళు బోరు కొలత మాత్రం మైక్రోమీటరుతో తీయించుకుని రావాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆయిల్ ఇంజిన్ మెకానిక్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా