పులికి ఫ్లెక్సీ, అలుగుకు గోనెసంచి

సంపాదకులకు నమస్కారం.

శ్రీశైలం రోడ్డు మీద పద్దెనిమిదేళ్లు బస్సు తోలిన వాణ్ణి. ఈ దారిలో ఎటు చూసినా పులి బొమ్మలే. అమ్రాబాద్ అడవి పులి మాకూ గొప్పే. కానీ అదే అడవిలో తిరిగే, ఒళ్లంతా పొలుసులుండే జంతువు అలుగు (పాంగోలిన్) బొమ్మ నాకు ఒక్కటీ కనపడలేదు. ఆ పేరెత్తితే మా మనవడు "ఏ చెరువుది తాతా?" అన్నాడు.

అడవి దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి 9కి మూసి పొద్దున 6కి తీస్తారు. తీయగానే దూరే మొదటి బస్సు నాది. రిటైరయ్యే ముందు చలికాలం, ఫరహాబాద్ దాటాక రోడ్డు మధ్య ఏదో నల్లటి ముద్ద. లారీ టైరు ముక్క అనుకున్నా. దిగి చూస్తే అలుగు. తల పొట్టలోకి లాక్కుని, పైన తోక కప్పుకుని ఉండ చుట్టుకుంది. పొలుసుల సందుల్లో ఎర్రమట్టి, బిరుసు వెంట్రుకలు. ఒకాయన దిగొచ్చి "డ్రైవరన్నా, గోనెసంచిల ఏస్కపోదాం, లక్షలొస్తయట" అన్నాడు. అక్కడ పులి పడుకుని ఉంటే ఆయన సీటు దిగేవాడా? పులి పంటికి లొంగని ఆ ఉండే మనిషి చేతికి మూటలా దొరుకుతుంది.

అందరినీ ఎక్కించి, లైట్లు ఆపి కూర్చున్నా. పావుగంటకు ముక్కు బయటపెట్టింది. ముందుకాళ్ల గోళ్లు లోపలికి మడిచి, నడుం వంగిన ముసలమ్మలా పొదల్లోకి పోయింది. లేటెందుకని డిపోలో అడిగితే టైరని చెప్పా.

పులిని చారలతో గుర్తుపట్టి కెమెరాలతో లెక్కేస్తారు. 2022 లెక్కలో దేశం మొత్తం మీద 3,682 అని అంచనా కట్టారు. పగలంతా బొరియలో పడుకునే అలుగును అలా లెక్కేయడం ఎక్కడ కుదురుతుంది? పులి ఈతకు రెండు మూడు పిల్లల్ని పెడుతుంది. అలుగుకు మామూలుగా ఒక్కటే, దాన్నీ తోక మీద మోసుకు తిరుగుతుంది. నోట్లో పళ్లే లేవు, చీమలూ చెదలూ నాకి మింగుతుంది. చెదలకు వేరుశనగ పోగొట్టుకునే మా అచ్చంపేట రైతుకు దానితో పగేముంది? పొలుసులు మందని కొనేవాళ్లున్నారట. మన గోళ్లు, జుట్టు ఏ పదార్థమో అవీ అదే. మందే అయితే మంగలి షాపులో రోజూ బుట్టెడు ఊడ్చి పారేస్తున్నారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి, అలుగు రెండూ గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. వేటాడితే ఏడేళ్ల దాకా జైలు. ఈ సంగతి ఆ సంచి అన్నాయనకు తెలియదు, నాకూ అప్పటికి తెలియదు. అందుకే మా బస్టాండుల్లో పులి పక్కన అలుగు బొమ్మ కూడా పెట్టించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. కింద శిక్ష సంగతి పెద్ద అక్షరాల్లో రాయించండి. బొమ్మ మాత్రం ఉండ చుట్టుకున్నదే వేయించండి, రోడ్డు మీద కనపడేది అలాగే.

— ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా