సరస్వతి ఆకు క్రీము కొనే ముందు

పద్మా,

నువ్వు కొనాలనుకుంటున్న సరస్వతి ఆకు క్రీము సీసా ఫొటో చూశాను. ముందువైపు పెద్దక్షరాలు వదిలెయ్యవే, వెనక చిన్నక్షరాలు చదువు. సెంటెల్లా అంటే సరస్వతి ఆకే. 'సెంటెల్లా 70 శాతం' అంటే చాలాసార్లు సరస్వతి ఆకు దిగిన నీళ్లు 70 శాతం అనే. ఆ నీళ్లలో సరుకెంత ఉందో ఎవరూ రాయరు. సరుకంటే నాలుగు: మాడెకాసోసైడ్, ఏసియాటికోసైడ్, మాడెకాసిక్ ఆమ్లం, ఏసియాటిక్ ఆమ్లం. ఆమ్లాలు రెండూ నీళ్లలో సరిగా కరగనే కరగవు.

అందుకని మాడెకాసోసైడ్ పేరు విడిగా ఉందేమో వెతుకు. ఫినాక్సీఇథనాల్ తర్వాత కనిపించిందని పెదవి విరవకు. ఎక్కువ వేసినవి ముందు, తక్కువ వేసినవి వెనక రాస్తారు. చెడిపోకుండా వేసే ఆ ప్రిజర్వేటివ్ ఒక శాతం మించదు కాబట్టి దాని వెనకవన్నీ ఆలోపే. మాడెకాసోసైడ్‌ని 0.1 శాతంతోనే పరీక్షించారు. అదే చోట మామూలు ఆకు సారం ఉంటే మాత్రం పేరుకి వేసినట్టే.

ఆ పరీక్ష 2008లో అచ్చయింది. ఎండకి ముడతలు పడ్డ చర్మం మీద ఆరు నెలలు రాయించారు, ఫలితం బాగానే వచ్చింది. కానీ అందులో 5 శాతం విటమిన్ సి కూడా కలిపారు, ఘనత ఎవరిదో ఎలా తేలుస్తాం? పైగా అది పాత ఎండదెబ్బ. నీది ఎర్రగా మండే చర్మం.

ఇంకో తిరకాసుంది. ఎండకి కమిలిన ఎరుపు ఒక రోజుకి ముదిరి, కొద్దిరోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ సమయంలో పెరుగు రాసినా దివ్యౌషధమే అనిపిస్తుంది! అందుకే సగం మొహానికే రాయి. రెండో సగానికి వాసనలేని మామూలు మాయిశ్చరైజర్. సబ్బు, సన్‌స్క్రీన్ రెండువైపులా ఒకటే. వారానికోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకి, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయి. మన చామనఛాయలో ఎరుపు ఫొటోకి సరిగా చిక్కదు, కాబట్టి నీళ్లు తగిలితే మంట, చెయ్యి వెనక్కి తిప్పి ఆనిస్తే వేడి, పొట్టు రేగడం, ఈ మూడింటికీ పదికి మార్కులేసుకో. మంటకి నాలుగు వారాలు చాలు. మచ్చల సంగతి మూడు నెలల ముందు తేల్చకు.

మొహానికి పెట్టే ముందు మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట రోజుకి రెండుసార్లు, వారం రాయి. మొదటిరోజు ఏమీ కాలేదని ఆపెయ్యకు, అలర్జీ ఆలస్యంగా బయటపడుతుంది. ఈ ఆకు పడనివాళ్లూ ఉన్నారు.

కుండీలో ఆకు నూరి పట్టించే ఆలోచన ఉంటే మానుకో. మట్టీ, సూక్ష్మజీవులూ కమిలిన చర్మంలోకి పోతాయి. పచ్చడి చేసుకో, రుచిగా ఉంటుంది. అదీ కాడ చూసుకుని: సరస్వతి ఆకుకి కాడ అంచున ఉన్న నొక్కు దగ్గర అతుకుతుంది. గొడుగులా ఆకు నడిమధ్యన అతికితే అది వేరే మొక్క.

అన్నట్టు, తెల్లబడటానికని మందులషాపు ట్యూబేమైనా రాస్తున్నావా? దానిమీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే నీ ఎరుపుకి కారణం అదే కావచ్చు. స్టెరాయిడ్ ఎరుపుని దాచిపెడుతుంది కూడా, అది ఉండగా ఏ పరీక్షా చెల్లదు. అలాగని ఉన్నపళంగా మానేస్తే మొహం భగ్గుమంటుంది, చర్మం డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రా. ముక్కు మీదుగా రెండు బుగ్గలకీ ఎరుపు పాకి, కీళ్లు కూడా నొప్పులుంటే మాత్రం ఏ క్రీమూ వద్దు, ఈ వారమే రక్తపరీక్షకి వెళ్లు.

నీ
వాణి