వార్షిక నివేదిక 2025-26: పన్ను మినహాయింపు పునరుద్ధరణ, రిటర్నులు, విరాళాల రసీదులు

గౌరవనీయులైన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గ్రంథాలయం, పేద విద్యార్థుల ఉపకార వేతనాలు ఎప్పటిలాగే సాగాయి. వాటి జమాఖర్చులు ఆడిటర్ గారు ధ్రువీకరించిన పట్టికలో ఉన్నాయి కనుక ఇక్కడ మళ్లీ వివరించడం లేదు. ఈ ఏడాది నివేదికను ప్రధానంగా పన్ను వ్యవహారాలకే కేటాయిస్తున్నాం. సంఘం ఆస్తికీ, దాతల నమ్మకానికీ సంబంధించిన విషయం కనుక దీనిని సభ్యులు ఓపికగా చదవాలని కోరుతున్నాం.

సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘానికి పన్ను ఉండదన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. ఆ రిజిస్ట్రేషన్ సంఘానికి చట్టపరమైన ఉనికిని మాత్రమే ఇస్తుంది. సంఘం ఆదాయంపై మినహాయింపు రావాలంటే ఆదాయపు పన్ను చట్టంలోని 12ఏబీ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్, దాతలకు తమ పన్ను లెక్కలో తగ్గింపు దక్కాలంటే 80జి కింద ఆమోదం విడివిడిగా పొందాలి. 2021లో విధానం మారినప్పుడు ఇతర పాత సంస్థలతో పాటు మనకూ ఐదేళ్లకు ఇచ్చిన ఈ రెండు అనుమతులు 2026 మార్చి 31తో ముగియవలసి ఉండగా, పునరుద్ధరణకు ఫారం 10ఏబీలో దరఖాస్తు చేసే గడువు అంతకు ఆరు నెలల ముందే, అంటే 2025 సెప్టెంబరు 30నే తీరిపోయింది. ఆ గడువు దాటి ఉంటే ఆ తరువాతి ఆదాయంపై పన్ను పడటంతో ఆగేది కాదు. 115టీడీ సెక్షన్ ప్రకారం సంఘం ఆస్తుల మార్కెట్ విలువలోంచి అప్పులు పోగా మిగిలిన మొత్తంపై గరిష్ఠ రేటున పన్ను కట్టవలసి వచ్చేది. మన పెద్దలు రూపాయి రూపాయి కూడబెట్టి కట్టించిన గ్రంథాలయ భవనమే మన ప్రధాన ఆస్తి అని గుర్తుచేసుకుంటే, కార్యవర్గం ఈ పనిని వేసవిలోనే ఎందుకు మొదలుపెట్టిందో సభ్యులకు అర్థమవుతుంది.

దరఖాస్తు గడువులోగా దాఖలైంది. అధికారులు అడిగిన నిబంధనావళి ప్రతి, మూడేళ్ల లెక్కలు, కార్యక్రమాల ఫోటోలు, ఉపకార వేతనాలు అందుకున్నవారి జాబితా సమర్పించాం. రెండు అనుమతులూ పునరుద్ధరణ అయ్యాయి. ముందటి రెండేళ్లలో ఏ ఏడాదీ ఆదాయం 5 కోట్ల రూపాయలు మించని సంస్థలకు 12ఏబీ రిజిస్ట్రేషన్‌ను పదేళ్లకు ఇవ్వాలని 2025 ఆర్థిక చట్టం నిర్దేశించింది. మనవంటి చిన్న సంఘాలకు ఇది నిజంగా పెద్ద ఊరట. అయితే 80జి ఆమోదం గడువు మాత్రం ఐదేళ్లే కనుక, తరువాతి కార్యవర్గాలు రెండు తేదీలనూ వేర్వేరుగా గుర్తుంచుకోవాలి.

ఇక విరాళాల సంగతి. ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన విరాళాల వివరాలను, దాతల పేరు, చిరునామా, పాన్ సంఖ్యలతో సహా, తరువాతి మే 31లోగా ఫారం 10బీడీలో ప్రభుత్వానికి సమర్పించి, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ నుంచి వచ్చే ఫారం 10బీఈ ధ్రువపత్రాన్ని దాతకు అందజేయాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. ఇప్పుడు దాతకు తగ్గింపు దక్కేది ఆ ధ్రువపత్రంతోనే. మనం చించి ఇచ్చే రసీదు ఒక్కటే చాలదు. పాత రసీదు పుస్తకాలు తిరగేస్తే ‘రావు గారు, 1,116’ అని మాత్రమే రాసిన కౌంటర్ ఫాయిళ్లు చాలా కనిపిస్తాయి. ఆ కాలానికి అది సరిపోయింది. ఇప్పుడు అచ్చువేయించిన రసీదులో పూర్తి పేరుకు, పాన్‌కు, చెల్లించిన విధానానికి వేర్వేరు గడులు పెట్టాం. ఏ గడి ఖాళీగా ఉన్నా కోశాధికారి రసీదు ఇవ్వరు. దయచేసి దీన్ని అవమానంగా భావించవద్దు.

నగదు రూపంలో 2,000 రూపాయలకు మించి ఇచ్చిన విరాళానికి తగ్గింపు బొత్తిగా రాదు. ఆనవాయితీగా 5,116 రూపాయలు చేతికే ఇచ్చే పెద్దలు ఈసారి చెక్కు ద్వారా గాని యూపీఐ ద్వారా గాని ఇవ్వాలి. మరొక మాట స్పష్టంగా చెప్పవలసి ఉంది: కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు 80జి తగ్గింపు వర్తించదు. ఆ సంగతి తెలిసి కూడా ఇస్తున్న దాతలకు సంఘం మరింత రుణపడి ఉంటుంది.

విదేశాల్లో ఉన్న మన సభ్యుల పిల్లలు సహాయం చేస్తామని తరచు అడుగుతున్నారు. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా వంటి దేశాల పౌరసత్వం తీసుకున్నవారు పంపితే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నప్పటికీ, విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది మనకు లేదు కనుక ఆ సొమ్ము స్వీకరించలేకపోతున్నాం. పంపేవారి మనసు ఎంత మంచిదైనా ఇందులో సడలింపు లేదు.

ఉపకార వేతనాలను ఒక కులంవారి పిల్లలకే పరిమితం చేయాలన్న సూచన కొందరు సభ్యుల నుంచి వచ్చింది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలు, మహిళలు, పిల్లల కోసం ఏర్పడిన సంస్థలను మినహాయిస్తే, ఒక మతానికి లేదా కులానికి మాత్రమే మేలు చేసేందుకు నెలకొల్పిన ధార్మిక సంస్థకు 13వ సెక్షన్ ప్రకారం మినహాయింపు పోతుంది. కార్యవర్గ సభ్యులకు, వారి బంధువులకు సంఘం సొమ్ముతో ప్రత్యేక ప్రయోజనం కలిగించినా ఆ మేరకు మినహాయింపు పోతుంది. చట్టం మాట అటుంచినా, అందరి కోసం తెరిచిన గ్రంథాలయం ఉన్న సంఘానికి ఆ సూచన తగదని కార్యవర్గం ఏకగ్రీవంగా భావించింది.

ఏటా ఆదాయంలో 85 శాతం ఆశయాలకే వెచ్చించాలి. మేడపై పఠన మందిరం కోసం మిగిల్చిన మొత్తాన్ని, ప్రయోజనం పేర్కొంటూ, ఫారం 10 ద్వారా ఐదేళ్ల వరకు నిలవ ఉంచుకునే వీలుంది. ఒకే వ్యక్తికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి నగదుగా చెల్లిస్తే అది ఖర్చు కింద లెక్కకు రాదు కనుక మేస్త్రీలకూ పుస్తక విక్రేతలకూ చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే జరుగుతాయి. ఈ ఏడాది లెక్కలకు సెప్టెంబరు 30లోగా ఫారం 10బీబీలో ఆడిట్ నివేదిక, అక్టోబరు 31లోగా ఐటీఆర్-7 అనే ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయాలి. ఇవి 1961 నాటి చట్టం ప్రకారమే. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, సెక్షన్ల సంఖ్యలు మారతాయి.

2,000 రూపాయలకు మించిన నగదు విరాళాలను సంఘం ఇకపై స్వీకరించరాదన్న తీర్మానాన్ని, ఆడిటర్ గారి పునర్నియామకాన్ని సర్వసభ్య సమావేశం ఆమోదం కోసం ఉంచుతున్నాం.

కార్యదర్శి
కార్యవర్గం తరఫున