బీరువా తాళాలు పిల్లల చేతికివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో బడి లైబ్రరీల మీద వార్త వేశారు. చెదలు తిన్న పుస్తకాల ఫొటో, దాని కింద టీచర్లకి ఏమీ పట్టదన్నట్టు నాలుగు ముక్కలు. నేను తెనాలి వైపు ఒక పల్లెటూరి బళ్లో ఆరు నుంచి ఎనిమిది దాకా సోషల్ చెప్తాను, లైబ్రరీ ఇన్‌ఛార్జిని కూడా నేనే (అదేదో పదవి అనుకునేరు, కొత్తగా చేరినవాళ్ల మెడకి చుట్టే పని అది, నాకూ అలాగే చుట్టుకుంది). ఫొటో అబద్ధమని నేననను. మా బీరువాలోనూ అట్టడుగు అర మొత్తం చెదలు తినేశాయి. కాకపోతే అది పట్టించుకోక జరిగింది కాదండీ, ఒక్క పుస్తకం కూడా పోకూడదని మరీ జాగ్రత్త పడటం వల్ల జరిగింది. ఆ సంగతి మీ వార్తలో లేదు కాబట్టి ఈ ఉత్తరం.

నాకు చార్జి అప్పగించిన మాస్టారు మంచాయన. రిటైరయ్యే ముందు రోజు రెండు బీరువాలు చూపించి, స్టాక్ రిజిస్టరూ తాళాల గుత్తీ చేతిలో పెట్టి, "మేడమ్, నా మాట విని తీయకండి. తీస్తే పట్టుకుపోతారు, పోతే రికవరీ మీ మీద పడుద్ది" అన్నారు. ఆయన చూసిన ఏడేళ్లలో ఒక్క పుస్తకం పోలేదు. రిజిస్టర్లో 1,140, బీరువాల్లో 1,140. చెదలు తిన్నవి కూడా లెక్కలో పుస్తకాలే, అట్ట మిగిలితే చాలు. స్టాక్ వెరిఫికేషన్‌కి వచ్చేవాళ్లు ఎన్ని ఉన్నాయని అడుగుతారు గానీ, ఎన్ని బయటికెళ్లి తిరిగొచ్చాయని ఎవరూ అడగరు. అలాంటప్పుడు ఏ టీచరైనా తాళమే వేస్తాడు. మొదటి ఏడాది నేనూ అదే చేశాను.

2009 విద్యా హక్కు చట్టం షెడ్యూల్లో ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని, అందులో పేపర్లు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని సబ్జెక్టుల పుస్తకాలూ ఉండాలని రాశారు. దాన్ని చూసుకునే మనిషి మాట మాత్రం ఎత్తలేదు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు ఉంది. పుస్తకాలు ఉంటాయి, బీరువా ఉంటుంది, తీసే చెయ్యి ఉండదు.

మా బీరువా తెరుచుకున్నది నా గొప్పతనం వల్ల కాదు, వాన వల్ల. ఆ ఏడు తుపానుకి స్టాఫ్ రూమ్ గోడ చెమ్మెక్కి, పుస్తకాలు తడిసి, శనివారం పూట ఏడో క్లాసు పిల్లల చేత అన్నీ వరండాలోకి మోయించి ఎండబెట్టమన్నాను. పేజీలు తిప్పుతూ ఉండండి, అంటుకుపోతాయి అన్నాను. తిప్పడం మొదలుపెట్టినవాళ్లు కాసేపటికి తిప్పడం మానేశారు. చూస్తే చదువుతున్నారు. ఇంటి బెల్లు కొడితే పది మంది లేవలేదు. ఒకడు తెనాలి రామలింగడి కథలు చొక్కా లోపల దోపుకుని గేటు దాటబోతూ దొరికాడు. "దొంగతనమా?" అంటే, "సగం అయింది టీచర్" అన్నాడు. ఇవ్వక ఏం చేస్తాం. అదే మా బళ్లో మొదటి ఇష్యూ, రిజిస్టర్లో ఇప్పటికీ ఒకటో నంబరు వాడిదే.

అక్కణ్ణించి పిల్లలే నడుపుతున్నారు. క్లాసుకి ఇద్దరు, మూడు క్లాసులకి ఆరుగురు, నెలకోసారి మారతారు. మార్కులు చూసి ఎంపిక చేయను. చదువులో వెనకబడిన వాళ్లని కావాలనే వేస్తాను, ఎందుకంటే మంచి మార్కులవాళ్లకి అప్పటికే లీడరు, ప్రేయరు, క్విజ్ అని నాలుగు పనులుంటాయి, పైగా వాళ్లు పుస్తకం ఇచ్చేటప్పుడు నీతులు చెప్తారు. మా దగ్గర అందరికంటే బాగా నడిపిన పిల్ల మొదట్లో కూడబలుక్కుని చదివేది. ఏ పుస్తకం ఏ అరలో ఎన్నోదో అట్ట చూసి చెప్పేసేది. వాళ్ల నాన్నకి సంచుల కొట్టుంది, సరుకు ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటేనట. ఇంకొకడి తాతగారు పూర్వం తాలూకాఫీసు దస్తరాలకి బైండింగు చేసిన మనిషి. ఆయన వచ్చి మైదా జిగురు కాచి, పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలిపి (అది విషం, పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు), పుస్తకాల ఊడిన వీపులన్నీ రెండు ఆదివారాల్లో అతికించారు. డబ్బులిస్తే తీసుకోలేదు, కాఫీలు మాత్రం గట్టిగానే తాగారు.

ఇక టెక్నాలజీ. ఈ మాట వినగానే మనవాళ్లు కంప్యూటర్ గది, ఏసీ, రిబ్బన్ కటింగు అనుకుంటారు. మా దగ్గర జరిగింది చెప్తాను. పదేళ్ల కిందట ఎవరో పుస్తకాల జాబితా అంతా డీటీపీ సెంటర్లో కొట్టించి సీడీలో పెట్టారు. సంబరపడి తెరిస్తే అన్నీ పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు. అను ఫాంటులో కొట్టింది, ఆ ఫాంటు లేనిచోట అది తెలుగు కాదు, ఏ ఫోన్లోనైనా కనబడే యూనికోడ్ తెలుగులోకి మార్చబోతే ఒత్తులన్నీ చెల్లాచెదురయ్యాయి. మళ్లీ మొదటి నుంచీ ఎక్కించాం. పిల్లలు పేర్లు చదివితే ఫోనే టైపు చేసింది, పరమానందయ్య శిష్యులు అంటే "పరమ ఆనందం అయ్యా శిష్యులు" అని కొట్టింది, అది అలాగే ఉంచమని పిల్లలు గొడవ.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మా మేనల్లుడు కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టమన్నాడు. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతపు లైబ్రరీల కోసం తయారై 2000 జనవరిలో వాడకంలోకి వచ్చింది, ఉచితం, ప్రపంచమంతా వాడుతున్నారు, పేరుకి అక్కడి మావోరీ భాషలో కానుక అని అర్థం. చాలా మంచిదే. కాలేజీకో జిల్లా లైబ్రరీకో అయితే అదే పెట్టుకోవాలి. కానీ లినక్స్ అనీ సర్వర్ అనీ రెండు సెలవులు మింగేసింది, రెండు బీరువాలకి అది ఏనుగు చేత చెంబు మోయించినట్టే. చివరికి మామూలు గూగుల్ షీట్‌తో సరిపెట్టాం: పుస్తకం నంబరు, తీసుకున్న తేదీ, తెచ్చిన తేదీ, తీసుకున్నవాళ్లెవరో. పద్నాలుగు రోజులు దాటితే గడి ఎర్రబడుతుంది. స్టిక్కరు కాగితం మీద బార్‌కోడ్‌లు ప్రింటు తీసి అంటించాం. నిజానికి బార్‌కోడ్ అక్కర్లేదు, నాలుగంకెలు కొట్టడమే తొందరగా అవుతుంది. కానీ ఫోను పెట్టగానే వచ్చే ఆ 'టిక్' శబ్దం కోసం ఆరో క్లాసువాళ్లు వరసలో నిలబడి పుస్తకాలు తీసుకున్నారు, అందుకని ఉంచేశాను. ఫోను పూర్వ విద్యార్థి ఒకతను ఇచ్చిన పాతది, సిమ్ లేదు. నెట్ వేపచెట్టు వైపు కిటికీ దగ్గర తప్ప రాదు. కరెంటు పోయిన రోజు నోటుబుక్కులో రాసుకుని మర్నాడు ఎక్కిస్తారు. ఆ నోటుబుక్కు మాత్రం ఎప్పటికీ తీసేయకండి, ఎంత టెక్నాలజీ వచ్చినా సరే.

పుస్తకాలు సర్దడంలో నాదే తప్పు. ట్రైనింగులో విన్నాను కదా అని విషయాన్ని బట్టి పుస్తకాలకి వేసే డ్యూయీ నంబర్లు వేయించాను. 1876 నాటి అమెరికా పద్ధతి అది, అందులో ప్రపంచ భాషలన్నీ పోగా మన తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఎక్కడో తేలుతుంది. మా పుస్తకాల్లో ముప్పాతిక భాగం కథలే, అంటే అందరికీ దాదాపు అదే నంబరు. పిల్లలకి ఏమీ దొరకలేదు. ఆరుగురూ కూర్చుని రంగు టేపులు వేశారు: జంతువుల కథలకి పచ్చ, నవ్వొచ్చేవాటికి పసుపు, సైన్సుకి నీలం, దెయ్యాలకి వేరే నలుపు ఉండాల్సిందేనని ఓటింగు కూడా పెట్టారు. మహానుభావుల జీవితాలకి తెలుపు. తెల్లటేపు అర అన్నిటికంటే శుభ్రంగా ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు కాబట్టి. ఒకే జీవితచరిత్ర పదకొండు కాపీలు పంపారు మాకు పైనుంచి. కొనేముందు ఒక్కసారి పిల్లల్ని అడిగుంటే ఆ డబ్బుతో నల్లటేపువి ఎన్నొచ్చేవో.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. డ్యూటీలో ఉన్నవాళ్లు బాగున్న పుస్తకాలు సైన్సు అర వెనక దాచి స్నేహితులకిచ్చేవాళ్లు. ఒకడు ఆలస్యమైతే ఫైన్ అని చెప్పి జామకాయలు వసూలు చేశాడు, ఎన్నాళ్లో నాకు తెలియనే లేదు. వీటికి నవ్వుకోవచ్చు. ఒకటి మాత్రం నవ్వేది కాదు. ఎనిమిదో క్లాసు అమ్మాయి ఎదిగే వయసు ఆడపిల్లల కోసం రాసిన ఆరోగ్య పుస్తకం తీసుకుంది. షీట్లో పేరు, పుస్తకం పక్కపక్కనే కనబడతాయి. డ్యూటీ కుర్రాడు చూసి ఇంకొకడికి చెప్పాడు, సాయంత్రానికి క్లాసంతా పాకింది, ఆ పిల్ల మూడు రోజులు బడికి రాలేదు. వాణ్ణి తిట్టాను గానీ తప్పు వాడిది కాదు, ఎవరేం చదువుతున్నారో అందరికీ కనబడేలా షీటు పెట్టింది నేను. మర్నాడే పేర్లు తీసేసి నంబర్లు వేశాం, ఏ నంబరు ఎవరిదో నా డైరీలో తప్ప ఉండదు. ఆ రకం పుస్తకాలకైతే ఇష్యూనే తీసేశాం, అమ్మాయిల గది అల్మరాలో పెట్టాం, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుని పెట్టేస్తారు. వాటిలో ఒక్కటి పోయింది. పోతే పోయింది, ఎవరికో అవసరమై ఉంటుంది. మీ పాఠకుల్లో టీచర్లు ఎవరైనా ఇలాంటి షీటు పెట్టాలనుకుంటే ఈ ఒక్క విషయం ముందే చూసుకోండి.

కొత్త పుస్తకాలకి డబ్బుల్లేని రోజుల్లో ప్రథమ్ బుక్స్‌వాళ్ల పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్ ఆదుకుంది. 2015 నుంచీ ఉంది, తెలుగు కథలూ ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నలుపు తెలుపులో ప్రింటు తీసి, స్టేపుల్ కొట్టి, బొమ్మలకి రంగులు పిల్లల చేతే వేయించాం. ఇవి చిరిగినా పోయినా ఇంకోటి తీసుకోవచ్చు, రిజిస్టరు భయం లేదు. అందుకే మొదటిసారి పుస్తకం ఇంటికి తీసుకెళ్లేవాళ్లకి ఇవే ఇస్తాం.

ఇప్పుడు అసలు విషయం. రెండేళ్లలో మా దగ్గర 2,600 సార్లు పుస్తకాలు చేతులు మారాయి. పందొమ్మిది పోయాయి. ఒకటి గేదెల కొట్టంలో దొరికింది గానీ అప్పటికే సగం గేదె తినేసింది, రెండు తల్లిదండ్రుల వెంట పనికి హైదరాబాద్ వెళ్లిపోయిన పిల్లలతో పాటు వెళ్లాయి, మిగతావి ఏమయ్యాయో ఎవరికెరుక. కేంద్ర ప్రభుత్వపు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 215వ రూల్ ఒకటుంది. లైబ్రరీలో ఏడాదిలో ఇచ్చిన, చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకి ఐదు పోతే అది మామూలు నష్టంగానే లెక్కేసుకోవచ్చని, అందులో మోసం, అజాగ్రత్త లేకపోతే చాలని, వెయ్యి రూపాయలకి పైబడిన పుస్తకాలకీ అరుదైనవాటికీ మాత్రం విచారణ తప్పదని అందులో స్పష్టంగా ఉంది. ఆ లెక్కన మాకు పదమూడు చెల్లు, ఆరు నా నెత్తిన ఉన్నాయి. ఆ ఆరింటికీ డబ్బు నేనే కడతాను, అదేం పెద్ద బాధ కాదు. కానీ ఢిల్లీ ఆఫీసుల్లో చదువుకున్న పెద్దవాళ్లు పోగొడితే మామూలు నష్టం, మా ఊరి పన్నెండేళ్ల పిల్లాడు పోగొడితే టీచరు జీతంలో రికవరీ అంటే ఎలాగండీ? మా స్టాఫ్ రూముల్లో రికవరీ అన్న మాటే వినబడుతుంది గానీ వెయ్యికి ఐదు అన్న మాట ఎవరి నోటా వినబడదు.

పుస్తకాలున్నది వాడుకోవడానికే అని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కయిన రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ సూత్రాల్లో మొట్టమొదటిదిగా రాశారు. ఆయన లైబ్రేరియన్ కాకముందు లెక్కల మాస్టారు, లెక్క తెలియక అన్న మాట కాదది. 1935లో మా వైపు కాలువల మీద గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి రేవు రేవుకీ తిప్పారు. నీళ్ల మీద తిప్పిన పుస్తకాలు, రేవులో దిగి పొలం గట్ల మీద నడిచిన పుస్తకాలు, ఒక్కటీ తడవకుండా, పోకుండా ఉండి ఉంటాయా?

కాబట్టి విద్యాశాఖని నేనడిగేది కొత్త బిల్డింగు కాదు, ట్యాబులు కాదు. వెయ్యికి ఇన్ని పోతే టీచర్ని అడగరు అని ఒక్క కాగితం రాష్ట్రంలోని ప్రతి హెడ్మాస్టరుకీ పంపించమనండి. స్టాక్ వెరిఫికేషన్ ఫారంలో ఎన్ని ఉన్నాయి అన్న గడి పక్కన ఈ ఏడు ఎన్ని ఇచ్చారు అని ఇంకో గడి గీయమనండి. రెండో గడిలో సున్నా వేసిన బడినే అడగాలి, ఎందుకని.

ఏప్రిల్‌తో ఇప్పుడున్న ఎనిమిదో క్లాసువాళ్లు వెళ్లిపోతారు. తాళాల గుత్తి ఎవరికివ్వాలో వాళ్లలో వాళ్లకి అప్పుడే గొడవలు మొదలయ్యాయి. మా హెచ్చెమ్ గారు కూడా వచ్చే ఏడు రిటైరవుతున్నారు, కొత్తగా వచ్చేవారు ఎలాంటివారో. మీరు ఈ ఉత్తరం అచ్చేస్తే కత్తిరించి హెచ్చెమ్ టేబుల్ అద్దం కింద ఇప్పుడే పెట్టేస్తాను.

ఇట్లు,
ఒక సోషల్ టీచరు,
తెనాలి దగ్గర