టాంజానియా పల్లెలను పటంలోకి ఎక్కించినవాళ్లకు కృతజ్ఞతలు

రెండు ఆదివారాలు ల్యాబ్ తెరిచిచ్చిన మేడం గారికి, కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ చూసుకున్న అన్నకు, కూర్చుని ఇళ్లు గీసిన అనంతపురం విద్యార్థులందరికీ మా మ్యాపింగ్ బృందం తరఫున మనసారా కృతజ్ఞతలు.

టాంజానియాలోని మారా ప్రాంతంలో ఆడపిల్లల జననాంగాలు కోసే తంతు ఎక్కువగా డిసెంబరు బడి సెలవుల్లోనే జరుగుతుంది. 18 ఏళ్లలోపు పిల్లలకు అలా చేయడం 1998 చట్టం ప్రకారం నేరం. అయినా ఆగలేదు. ఓ పిల్ల భయపడి ఫోన్ చేసిందనుకోండి, ఆమె చెప్పిన ఊరు పటంలో లేకపోతే అక్కడి ముగుము పట్టణంలో రోబీ సామ్‌వెలీ నడిపే రక్షణ గృహం వాళ్లు, పోలీసులు చీకట్లో దారి అడుగుతూ వెళ్లాలి. అడిగితే ఊరంతా తెలిసిపోతుంది, పిల్లను దాచేస్తారు. అందుకే 2015లో క్రౌడ్‌టూమ్యాప్ టాంజానియా అనే స్వచ్ఛంద మ్యాపింగ్ పని మొదలైంది. ఉపగ్రహ చిత్రం చూసి ఇళ్లూ దారులూ ఎవరైనా దిద్దగల ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీయడం మన పని. ఊరి పేర్లు అక్కడివాళ్లే ఫోన్లలో చేరుస్తారు, మనం ఊహించి రాయకూడదు. ముందే దించుకుని ఉంటే సిగ్నల్ లేని చోట కూడా ఆ పటం ఫోన్లో తెరుచుకుంటుంది.

వచ్చే విడతకు కొన్ని మాటలు. గుండ్రటి కొట్టానికి అంచు చుట్టూ చుక్కలు పెట్టి ‘ఓ’ కీ నొక్కితే వృత్తమవుతుంది. రేకుల ఇంటికి నాలుగు మూలలు పెట్టి ‘క్యూ’ నొక్కాలి. చాలామంది చెట్టును కొట్టమనుకున్నారు. చెట్టు అంచు చెదిరినట్టుంటుంది. కొట్టం అంచు తేటగా, చుట్టూ తొక్కుడుపడిన నేల మన కళ్లంలాగా తెల్లగా కనిపిస్తుంది. దొడ్డి మొత్తాన్ని ఒకే ఇల్లుగా గీయొద్దు. బింగ్, ఎస్రీ అనేవి వేర్వేరు ఉపగ్రహ చిత్రాలు. ఒకదాని మీద సగం, ఇంకోదాని మీద సగం గీస్తే ఇళ్లు కొన్ని మీటర్లు పక్కకు జరుగుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం దారులు. కాలిబాట కొస రోడ్డు మీది చుక్కకు అతుక్కోవాలి. కంటికి కలిసినట్టే ఉన్నా, అతుక్కోకపోతే ఫోన్ ఆ దారిని చూపించదు. వెళ్లేవాళ్లు ఊరి బయటే ఆగిపోతారు.

గీయాల్సిన ప్రాంతాన్ని గడులుగా పంచుతారు. ఒక్కో గడి 2 గంటలే మన చేతిలో ఉంటుంది, ఆ తర్వాత ఇంకొకరికి వెళ్తుంది. కాబట్టి పది పదిహేను ఇళ్లకోసారి అప్‌లోడ్ చేయండి. పూర్తికాని గడిని పూర్తయిందని పెట్టకండి. అలా పెట్టినవాటిని ఒక్కొక్కటే తెరిచి, తెగిన దారులు కలిపి, ఎక్కడ తప్పిందో ఓపిగ్గా రాసిచ్చిన అక్కకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.