వేరేవాళ్లకు పెట్టడానికి చీరలు తీసుకునేవాళ్లకు మా అంగడి నుంచి ఒక మాట

శ్రావణం పెళ్లిళ్ల బేరాలు మొదలయ్యాయి. గాంధీరోడ్డులోని మా అంగడిలో ఈసారి ఒక పద్ధతి మారుస్తున్నాం.

ఇకపై బిల్లు వేసేముందు "కట్టుకునేది ఎవరమ్మా?" అని అడుగుతాం. వేరేవాళ్లకైతే ఫాల్ కుట్టం, జాకెట్ గుడ్డ కత్తిరించం. అవి రెండూ అయిపోయాక ఇక ఆ చీర మార్చలేం కదా. చీరతోపాటు ధర రాయని చీటీ ఒకటి పెడతాం. అది తెస్తే, కట్టుకునే ఆవిడే నెలలోపు వచ్చి అదే ధరలో ఇంకోటి తీసుకోవచ్చు.

ఎందుకంటే, తమకు కొనుక్కునేటప్పుడు మా కస్టమర్లు బరువు చూస్తారు, రంగు పోతుందా అని అడుగుతారు. అదే ఇంకొకరికైతే "చూడ్డానికి గ్రాండ్‌గా ఉంటే చాలు" అంటారు. అలా డెబ్బై ఏళ్ల అత్తగారికి మోయలేనంత జరీ వెళ్తుంది. ఆవిడను అడిగుంటే మెత్తటి వెంకటగిరి కాటన్ చాలనేది.

ముగ్గురు కోడళ్లకు కొనేటప్పుడైతే ఇంకా తమాషా. మొదట తీసిన చీరే అందరికీ నప్పుతుందని తెలుసు. అయినా ఒకేలా ఉండకూడదని మిగతా ఇద్దరికీ అంతకంటే తక్కువ నచ్చినవి తీసుకుంటారు. అమెరికాలో మేరీ స్టెఫెల్, రాబిన్ లెబఫ్ అనే ఇద్దరు 2014లో అచ్చయిన పరిశోధనలో ఇదే చూపించారు. పుచ్చుకునేవాళ్లు పోల్చి చూసుకోరని తెలిసినా, ఇచ్చేవాళ్లు ఒక్కొక్కరికీ ఒక్కో రకం ఏరుతారట. మన తోడికోడళ్లు పోల్చుకోకుండా ఉంటారా! అందుకే నా సలహా: అదే చీర, రంగులు వేరు.

మా ఊరికి దర్శనానికి వచ్చి రాత్రి రైలుకు వెళ్లిపోయేవాళ్లకు ఈ చీటీ పనికిరాదు. వాళ్లు ఇక్కడి నుంచే వీడియో కాల్ చేసి చూపించండి, ఎంతసేపైనా విప్పి చూపిస్తాం. సర్‌ప్రైజ్ పోతుందంటారు కొందరు. పోనివ్వండి, చీర బీరువాలో మగ్గడం కంటే నయం.

డజన్ల లెక్కన తీసుకునే చవక చీరలకు మాత్రం ఈ మార్పిడి లేదు. అవి ఇంటింటికీ తిరుగుతాయని నాకూ తెలుసు, మీకూ తెలుసు. మా గల్లాపెట్టె నడిచేది చాలావరకు వాటితోనే, కాబట్టి అమ్మడం ఆపను.

ఫాల్, పికోకు తర్వాత తెచ్చినా పాత రేటే.